చిత్తడి వారి వందన సమర్పణ

ఆ రోజు ఆగస్టు ఇరవై రెండు. భుజంగరావు గారికి ఆ తేదీ గుర్తుండిపోవడానికి కారణం నాద వికాస మండలి వారు ప్రకటించిన పథకం కాదు, పొద్దున్న ఆయన వేసుకున్న దిబ్బరొట్టె. భార్య విశాలాక్షి పోయి మూడేళ్ళయింది. ఆ మూడేళ్ళలోనూ ఆయన దిబ్బరొట్టె వేస్తూనే ఉన్నారు, అది అడుగంటుతూనే ఉంది. ఆ రోజు మాత్రం మూకుడు బోర్లిస్తే రొట్టె చెక్కు చెదరకుండా, ఎక్కడా మాడకుండా, తోమిన ఇత్తడి పళ్ళెంలా బయటికి వచ్చింది. బెల్లం పాకంతో సగం తిన్నారు. మిగతా సగం తినబుద్ధి కాలేదు. ఎవరికైనా చూపించాలనిపించింది. ఇంట్లో చూపించడానికి ఎవరూ లేరు కనుక డబ్బాలో పెట్టుకుని ఆఫీసుకు పట్టుకెళ్ళారు.

ఆఫీసు అంటే కాకినాడలో మండలి వారి రికార్డింగ్ స్టూడియో. చరిత్రలో ఎమ్మే చేసిన తనను స్టూడియో అధికారిగా ఎందుకు వేశారో భుజంగరావు గారికి మొదట్లో అర్థం కాలేదు. సంగీతంలో ఎమ్మే చేసినాయన భూగర్భ జలాల శాఖలో ఉన్నాడని తెలిశాక అడగడం మానేశారు. రికార్డిస్టు ఉద్యోగం ఖాళీగా ఉండడంతో మిషన్లు నడపడం కూడా ఆయనే నేర్చుకున్నారు. నేర్చుకున్నాక నడిపే అవసరం రాలేదు. చాలా ఏళ్ళుగా అక్కడ ఎవరూ పాడలేదు. అయినా ఆయన రోజూ వచ్చి, దూది కూరి రెక్సిను కుట్టిన ఆ బరువైన తలుపు తీసి, మైకుల మీద దుమ్ము తుడిచి, కాసేపు కూర్చునేవారు. ఇంట్లో నిశ్శబ్దం ఎవరో వెళ్ళిపోయాక మిగిలినది. ఇక్కడి నిశ్శబ్దం ఎవరో రాబోతున్నట్టుండేది. సాయంత్రం దాకా ఉండడానికి ఇదే బాగుండేది.

ఆ రోజు నిజంగానే ఎవరో వచ్చారు.

ముగ్గురు. ముందు నడుస్తున్న అమ్మాయి పేరు జాస్మిన్. జగన్నాథపురం చర్చిలో పాటలు పాడి పెరిగింది, గిటారు వాయిస్తుంది. వెనక బాషా, వాళ్ళ నాన్నకు పెళ్ళిళ్ళ బ్యాండు ఉంది, ఇతను డ్రమ్స్. మూడోవాడు తాతారావు. వాళ్ళ తాత పేరు పెట్టడంతో ఆ కుర్రాడికి పుట్టినప్పటి నుంచీ పెద్దరికం వచ్చేసింది, అందుకే తక్కువ మాట్లాడతాడు. బేస్ గిటారు వాయిస్తాడు. ముగ్గురినీ కలిపితే ‘చిత్తడి’ అనే రాక్ బ్యాండు. వాళ్ళది ప్రయోగాత్మక సంగీతం. ఒక పాట హార్బరులో ఐసు దిమ్మలు పగలగొట్టే చప్పుడుతో మొదలవుతుంది. ఇంకోదానిలో చేపల తట్టల మీద దరువు. వేరొకదానిలో మాటలే లేవు, పడవ ఇంజను పట్టుకోక పట్టుకోక చివరికి పట్టుకుంటుంది, అంతే. మొదటి ఆల్బమ్ సరైన స్టూడియోలో చెయ్యాలని వాళ్ళ కోరిక. ప్రైవేటు స్టూడియోలు వాళ్ళకు అందవు. మండలి పథకం గురించి పేపర్లో చూసి వచ్చారు.

భుజంగరావు గారు వాళ్ళను కూర్చోబెట్టి, ముందుగా డబ్బా మూత తీసి రొట్టె చూపించారు. ముగ్గురూ దాన్ని చూడకుండానే తినేశారు. బాషా మాత్రం వేళ్ళు నాకి, “మాడలేదండి, చాలా కష్టం అలా రావడం” అన్నాడు. ఆ ఒక్క మాటకే భుజంగరావు గారు దరఖాస్తు మీద సిఫారసు రాసేశారు.

ఇక పథకం సంగతి. యువతరం చేసే చప్పుడుకు ప్రభుత్వం అండగా ఉండాలని పైవాళ్ళకు ఆ ఏడాది ఉత్సాహం పుట్టింది. మండలి స్టూడియో మార్చి నెలాఖరులోగా ఒక ప్రయోగాత్మక రాక్ ఆల్బమ్ వెలువరించాలి. వెలువరించకపోతే స్టూడియో నిరుపయోగమని తేల్చి, మండలి వారి శాలువాలూ జ్ఞాపికలూ దాచుకునే గిడ్డంగిగా మారుస్తారు. శాలువాలకు చోటు చాలడం లేదని అప్పటికే పైకి మూడు ఉత్తరాలు వెళ్ళాయి.

ఆల్బమ్‌కు అయిదారు నెలలు చాలు. చాలేవి కూడా, సభల నియమం లేకపోతే.

ఆ నియమానికి ఒక కారణం ఉంది. అంతకు ముందెప్పుడో మండలి ఆవరణలో ఇద్దరు పిల్లలు వేణువు సాధన చేసుకుంటుంటే, అటుగా వాకింగుకు వెళ్తున్న మండలి మాజీ సభ్యులొకరు విన్నారు. తనను వేదిక మీదకు పిలవకుండా కార్యక్రమం జరుపుతున్నారని ఆయన మనసు నొచ్చుకుంది. విచారణ జరిగింది. కార్యదర్శి ముక్తేశ్వరరావు గారు స్వయంగా సర్క్యులరు రాశారు. మండలి ఆవరణలో ఉద్దేశపూర్వకంగా ఉత్పన్నమగు ప్రతి నాదమూ ఒక కార్యక్రమముగా పరిగణించబడును. ప్రతి కార్యక్రమమునకు సభాధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి ఉండవలెను. జ్యోతి ప్రజ్వలన, స్వాగత వచనాలు, అతిథుల సందేశాలు, కళాకారుల అంశము, సన్మానము, చివరగా వందన సమర్పణ. ఈ సర్క్యులరు వచ్చాక ఆ ఆవరణలో ఎవరూ నాదం చెయ్యలేదు. అందుచేత అది చాలా విజయవంతమైన సర్క్యులరని పేరు వచ్చింది.

మొదటి రికార్డింగు ఒక శుక్రవారం. అతిథులు ఎక్కడ కూర్చుంటే అదే వేదిక కనుక, వాళ్ళు కళాకారులతో పాటు రికార్డింగు గదిలోనే కూర్చోవాలని కార్యదర్శి గారు తేల్చారు. అయిదు వత్తుల కుంది వచ్చింది. ఏసీ గాలికి దీపం కొండెక్కడం అశుభం కనుక ఏసీ ఆపారు. తలుపు మూసిన గదిలో నూనె పొగ, పట్టుపంచెలు, డ్రమ్ములు. ముఖ్య అతిథి డాక్టర్ సోమయాజులు గారు, రిటైరైన పశువైద్యులు. సంగీతం వింటే గేదెలు పాలెక్కువ ఇస్తాయన్న అంశం మీద ఆయన తన సర్వీసులోని అనుభవాలన్నీ చెప్పారు. గేదెల పేర్లతో సహా చెప్పారు. ఆ తరువాత జాస్మిన్ పాట మొదలుపెట్టింది. మొదటి చరణంలోనే విశిష్ట అతిథి ఫోను మోగింది. రెండో చరణంలో ఆత్మీయ అతిథి కుర్చీ కిర్రుమంది. ఐసు పగిలే చోట సభాధ్యక్షులు పాట అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టారు, ఆయన కొట్టారు కనుక అందరూ కొట్టారు. తరువాత శాలువాలు. తరువాత భుజంగరావు గారు స్టూడియో అధికారి హోదాలో వందన సమర్పణ చేశారు.

మళ్ళీ ఒకసారి పాడతామని జాస్మిన్ అడిగింది. కార్యదర్శి గారు అప్పటికి తలుపు దాకా వెళ్ళిపోయారు. ఆగి, వెనక్కి తిరిగి, చాలా ఓర్పుగా చెప్పారు.

“వందన సమర్పణ జరిగిన సభ ముగిసినట్లు లెక్కమ్మా. ముగిసిన సభలో పాడడం కుదరదు. తమరు మళ్ళీ పాడదలచినచో మళ్ళీ సభ జరుపవలసి ఉంటుంది. మండలికి ప్రయోగం పట్ల అభ్యంతరం లేదు. సభ లేని ప్రయోగం పట్లనే.”

అలా ఒక్కొక్క టేకుకు ఒక్కొక్క సభ అయింది. పాట రికార్డు చేసే ముందు మైకులు సరిచూసుకోవాలి కదా అంటే, అది కూడా నాదమేనన్నారు. మైకు పరీక్షకు వేరే సభ పెట్టారు. మైకుకు రిబ్బను కట్టారు. సోమయాజులు గారు రిబ్బను కత్తిరించి, మైకు దగ్గర వంగి, “హలో” అన్నారు, అలా అనే ముందు హలో అనే మాట మీద ఇరవై నిమిషాలు మాట్లాడారు. బాషా డ్రమ్ము బిగించి ఒక్క దెబ్బ వేసి చూసినందుకు సంజాయిషీ అడిగారు. అప్పటి నుంచి అతను డ్రమ్ములు ఇంట్లో బిగించుకుని, దారిలో సడలకుండా దుప్పటి చుట్టి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చేవాడు.

దసరా వెళ్ళింది, దీపావళి వెళ్ళింది. సభలు జరుగుతూనే ఉన్నాయి, పాట ఒక్కటీ పూర్తి కాలేదు. ముఖ్య అతిథుల కొరత వచ్చింది. మండలి వారు ముఖ్య అతిథుల ప్యానెలు వేశారు, అందులో చేరడానికి సిఫారసులు వచ్చాయి. నిన్న ఆత్మీయ అతిథిగా వచ్చినాయన ఇవాళ విశిష్టుడిగా ప్రమోషను అడిగేవాడు. సోమయాజులు గారు మాత్రం ఏ హోదా ఇచ్చినా వచ్చేవారు. ఇంట్లో కోడలు ఆయన గేదెల సంగతులు ఒకసారి పూర్తిగా వినేసిందని, రెండోసారి వినడం లేదని ఆయనే ఓసారి చెప్పారు. పైగా టిఫిన్లు బాగుండేవి. అబ్బులు అనే ఆయన కోనసీమ నుంచి వచ్చి కాంట్రాక్టు తీసుకున్నాడు, పనసాకు బుట్టల్లో ఇడ్లీ పిండి పోసి ఉడికించిన పొట్టిక్కలు, కొబ్బరి పచ్చడి, అల్లం పచ్చడి.

శాలువాలు మటుకు పేరుకుపోయాయి. కళాకారులకు కూడా ప్రతి సభలో కప్పాలి. “ఆయ్, మా నాన్న పెళ్ళిళ్ళలో శాలువా పెళ్ళికొడుక్కే ఏస్తారండి” అన్నాడు బాషా ఒకరోజు. “ఇక్కడ నాకెన్నొచ్చాయో లెక్క తెలవట్లేదు. మాయమ్మకి డౌటొచ్చేసింది, ఎక్కడో పెళ్ళి చేసేసుకుని చెప్పట్లేదని.”

భుజంగరావు గారు పిల్లలు తెచ్చిచ్చిన ఆ శాలువాలను స్టూడియో గోడలకు వేలాడదీయించారు. గోడల మీది పాత నార పలకలు ఊడిపోయి గదిలో మాట మార్మోగేది. కొత్త పలకల కోసం ఆయన పెట్టిన అర్జీ ఎక్కడో ఉంది. శాలువాలు కట్టాక మార్మోత పోయింది. ఎంత ఎక్కువ సన్మానం జరిగితే గది అంత బాగా తయారయ్యేది. జ్ఞాపికలు డ్రమ్ముల స్టాండు జారకుండా బరువుకు పనికొచ్చాయి. ఈ లోకంలో పూర్తిగా వృథా అయ్యేది ఏదీ ఉండదేమోనని ఆయనకు అప్పుడప్పుడు అనిపించేది.

కానీ జాస్మిన్‌కు అలా అనిపించలేదు. సంక్రాంతి వెళ్ళిన వారం ఆమె గిటారు సంచీలో పెట్టేసుకుని భుజంగరావు గారి బల్ల ముందు నిలబడింది. బాషాకు వాళ్ళ నాన్న గడువు పెట్టాడట, ఉగాది దాకా చూస్తానని, ఆ తరువాత బ్యాండులో పూర్తిగా చేరిపోవలసిందేనని. డ్రమ్ములు లేకపోతే చిత్తడి లేదు. తాతారావు కూడా ఐసు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీకి ఒప్పుకున్నాడు.

“తప్పు మీది కాదు సార్. రేపటిదొక్కటీ చేసి ఆపేస్తాం. పాడ్డానికొస్తే ఎవరి ఉపన్యాసాలో వినడమే అయిపోయింది. ఆల్బమ్ రాదని రాసేసుకోండి.”

ఆయన అలాగేనమ్మా అన్నారు. ఆ సాయంత్రం స్టూడియోలో కూర్చుని గోడల నిండా రంగురంగుల శాలువాలను చూశారు. ఏప్రిల్ వస్తే ఇవి ఇక్కడే ఉంటాయి, మైకులు పోతాయి, తనకు ఎక్కడో ఒక కుర్చీ ఇస్తారు. అంతకన్నా ఆ పిల్ల గొంతులో కోపం కూడా లేకపోవడం ఆయనను ఎక్కువ బాధపెట్టింది. వచ్చిన కొత్తలో ఆమె చాలా కోపంగా, హాయిగా ఉండేది.

మరునాటి సభ మామూలుగానే పాడైపోయింది. సన్మానాలయ్యాయి. భుజంగరావు గారు లేచి మైకు పట్టుకుని, “చివరగా వందన సమర్పణ” అన్నారు. అనగానే ఎప్పటిలాగే కుర్చీలు వెనక్కి జరిగాయి. ఎన్నేళ్ళ సర్వీసులోనైనా ఆ మాటకు ఫలితం ఒక్కటే. వందన సమర్పణ అన్న మాట వినబడితే సభలోంచి లేవాలని, టిఫిన్ల వైపు నడవాలని ఈ ప్రాంతంలో పుట్టిన ఎవరికీ ఎవరూ చెప్పనక్కర్లేదు. క్షణంలో గది ఖాళీ అయింది. బరువైన తలుపు దానంతటదే మూసుకుంది. లోపల ముగ్గురు పిల్లలూ, ఆయనా మిగిలారు. ఆయన అలవాటు ప్రకారం ఖాళీ కుర్చీలకు వందనాలు చెప్పడం మొదలుపెట్టారు. కరెంటు తియ్యకుండా సహకరించిన విద్యుత్ శాఖ వారికి, కుర్చీలు సరఫరా చేసిన వారికి.

ఎలాగూ ఇదే ఆఖరని కాబోలు, బాషా డ్రమ్ము మీద మెల్లగా దరువు వేశాడు. ఆయన ఆపలేదు. పుష్పగుచ్ఛాలు అందించిన వారికి అన్నారు. తాతారావు బేస్ గిటారు తీగ మీటాడు. జాస్మిన్ నవ్వాపుకోలేక గిటారు మళ్ళీ బయటికి తీసింది. ఆమె నవ్వి చాలా రోజులైంది. పేపరు వారికి, ఫొటోగ్రాఫరు గారికి, కార్యక్రమ విజయానికి ప్రత్యక్షంగానూ పరోక్షంగానూ సహకరించిన వారికి అంటూ ఆయన సాగదీశారు. ముగ్గురూ వాయిస్తూనే ఉన్నారు. ఎవరూ లోపలికి రాలేదు. తలుపు మీది చిన్న అద్దంలోంచి చూస్తే వరండాలో పెద్దలందరూ వేడి వేడి పనసాకు బుట్టలు విప్పుకుంటున్నారు. పొట్టిక్క తినడం ఇడ్లీ తిన్నంత తేలిక కాదు. ఆకులు గుచ్చిన పుల్లలు లాగాలి, ఆకు ఊడదీయాలి, వేళ్ళు కాలితే ఊదుకోవాలి. దానికి తోడు రెండోసారి వడ్డిస్తారు. అబ్బులు ఇడ్లీ కాక పొట్టిక్కలు పెట్టడం ఎంత గొప్ప ఉపకారమో భుజంగరావు గారికి అప్పుడు తట్టింది.

ఆయన వరండాలోకి వెళ్ళి కార్యదర్శి గారి పక్కన నిలబడ్డారు. వందన సమర్పణ ఇంత సేపే ఉండాలని, ఇలాగే ఉండాలని నియమమేదైనా ఉందా అని వినయంగా అడిగారు.

ముక్తేశ్వరరావు గారు చూపుడు వేలికంటిన అల్లం పచ్చడి చూసుకుంటూ ఆలోచించారు. “సర్క్యులరు రాసింది నేనే కదండీ. వందన సమర్పణ ఉండవలెనని మాత్రమే ఉత్తరువు. ఏ విధముగా ఉండవలెనో పొందుపరచలేదు. ఎవరైనా వింటే కదండీ పొందుపరచడానికి.”

“పాటగా చెప్పినా పరవాలేదాండీ?”

“ఏడుస్తూ చెప్పండి, మండలికేం. ఆ పచ్చడి ఇటు అందుకోండి.”

భుజంగరావు గారు పచ్చడి అందించి, ఉత్తరువు అందుకుని లోపలికి వచ్చారు.

చిక్కల్లా జాస్మిన్ దగ్గర వచ్చింది. తమది కోపంతో చేసే సంగీతమని, అందులో థాంక్సులు చెప్పడం ఏమిటని ఆమె అడిగింది. ఆయన నచ్చజెప్పారు. నియమం ప్రకారం ప్రతి పాటలోనూ వందనం ఉండాలి, లేకపోతే అది వందన సమర్పణ కాదు, వేరే కార్యక్రమం అవుతుంది, దానికి మళ్ళీ దీపం కావాలి. “వందనం ఎవరికి చెప్పాలో మాత్రం రాయలేదమ్మా. అది మీ ఇష్టం.”

ఆమె రెండు రోజులు ఆలోచించి వచ్చింది. ఆ తరువాతి సభలో జ్యోతి వెలిగింది, గేదెలు పాలిచ్చాయి, శాలువాలు పడ్డాయి, వందన సమర్పణ అన్న మాట పడింది, గది ఖాళీ అయింది. రికార్డింగు ఎర్ర దీపం వెలిగింది. జాస్మిన్ పాడింది.

గోడ బాదిన పక్కింటి ఆంటీకి వందనం,
మా తాళం తప్పని ముందు చెప్పింది ఆవిడే.

దాని వెనక ఐసు దిమ్మలు పగిలాయి. పాట అంతా ఒక్క ఊపున వచ్చింది. కోపం పోలేదు, దానికి ఒక అడ్రసు దొరికింది. మిషన్ల గదిలో, అద్దం అవతల కూర్చున్న భుజంగరావు గారు పాట ఆగాక కూడా కాసేపు మీట నొక్కడం మరిచిపోయారు.

ఇక వాళ్ళు ఆగలేదు. రాత్రిళ్ళు కరెంటు తీసి, ఫ్యాన్లూ టీవీలూ ఆపి, తమ చప్పుడు వీధంతటికీ విడిగా వినిపించేలా చేసిన విద్యుత్ శాఖ వారికి ఒక పాట. పట్టుకోక పట్టుకోక పట్టుకున్న పడవ ఇంజనుకు ఒకటి. పెళ్ళి ఊరేగింపులో తప్పు వాయించినా సాగనిచ్చిన పెళ్ళివారికి బాషా ఒకటి కట్టాడు. ప్రతి పాటకూ ఒక సభ. ఇప్పుడు సభలు పొడుగైనా వాళ్ళకు బాధ లేదు, ఎంత ఆకలేస్తే అతిథులు అంత తొందరగా లేస్తారు, అంతసేపు తింటారు. జాస్మిన్ తనంతట తానే సోమయాజులు గారి దగ్గరకు వెళ్ళి, ఆ నల్ల గేదె తరువాత ఏమైందో చెప్పలేదు కదండీ అని అడగడం మొదలుపెట్టింది. మొదట్లో అది ఎత్తు. తరువాత ఆమెకు నిజంగానే తెలుసుకోవాలనిపించింది.

మార్చిలో ఆఖరి పాట మిగిలింది. అందులో పాడేదేమీ లేదు, డ్రమ్ములూ ఐసూ బేసూ. దాని మీద భుజంగరావు గారినే వందన సమర్పణ చెప్పమంది జాస్మిన్, ఎప్పుడూ చెప్పినట్టే, మామూలు గొంతుతో.

ఆయన మొదలుపెట్టారు. విద్యుత్ శాఖ వారికి. కుర్చీల వారికి. పొట్టిక్కల అబ్బులుకు, వాటికి చుట్టిన పనసాకులకు. గేదెల సంగతులు చెప్పి కుర్రవాళ్ళను కాసేపు కూర్చోబెట్టిన డాక్టరు గారికి. గోడల మీది శాలువాలకు. ఎప్పుడూ చెప్పే పేర్లు అయిపోయాయి. డ్రమ్ములు ఆగలేదు. అద్దం అవతల, ఈసారి మిషను దగ్గర కూర్చున్న జాస్మిన్ ఇంకా కానివ్వండని చెయ్యి ఊపింది.

“మూత తీసి చూడక్కర్లేదు, వాసన మారినప్పుడు రొట్టె తిరగెయ్యమని మంచం మీంచి చెప్పిన విశాలాక్షికి” అన్నారు భుజంగరావు గారు. “ఆగస్టులో ఒకసారి వచ్చింది. మాడలేదు.”

బాషా కర్రలు మెల్లగా దించాడు. ఐసు చప్పుడు కొంచెం సేపు సాగి నీళ్ళ చప్పుడై ఆగింది. పాట అక్కడితో అయిపోయిందని ముగ్గురికీ తెలిసింది.

ఆల్బమ్‌కు ‘వందన సమర్పణ’ అనే పేరు తప్ప ఇంకోటి పెట్టడానికి లేదు. ఆవిష్కరణ సభ మార్చి నెలాఖరున మండలి వారి పెద్ద హాల్లో. పైనుంచి డైరెక్టరు గారు వచ్చారు. స్టూడియో ఉంచాలో, శాలువాలకు ఇచ్చెయ్యాలో ఆయనే తేల్చాలి. ఆల్బమ్ మొత్తం హాల్లో వినిపించి, విన్నాక ఆయన సంతకం పెడతారని ఏర్పాటు. భుజంగరావు గారికి పొద్దుటి నుంచీ ఇదే ఆలోచన. ఐసు పగిలే చోట డైరెక్టరు గారు ఏమంటారో, వందనాల్లో తమ పేరు లేదని కార్యదర్శి గారు ఏమంటారో. జాస్మిన్ వాళ్ళమ్మ ముందు వరసలో కూర్చుంది. బాషా వాళ్ళ నాన్న సాయంత్రం ఊరేగింపు ఉందని బంగారు అంచు యూనిఫాం కోటుతోనే వచ్చి వెనక నిలబడ్డాడు. ఉగాది వారంలోకి వచ్చేసింది.

ముక్తేశ్వరరావు గారు నివేదిక చదివారు. యువతలో నిద్రాణమై ఉన్న నాద శక్తిని సంస్థాగత చట్రంలో వెలికితీయుటలో మండలి సాధించిన అపూర్వ ప్రగతికి ఇది తార్కాణమన్నారు. డైరెక్టరు గారు ఆల్బమ్ అట్టను ప్రేక్షకులకు కుడివైపూ ఎడమవైపూ తిప్పి చూపించి ఫొటో దిగారు. అప్పుడు కార్యదర్శి గారు మైకు సవరించుకుని గంభీరంగా ప్రకటించారు.

“ఇప్పుడు, వందన సమర్పణ.”

హాలంతా లేచింది. ముందు వరసలూ, వెనక వరసలూ, వేదికా. ఎవరూ ఆలోచించలేదు. డైరెక్టరు గారు కూడా ఎన్నో జిల్లాలు చేసివచ్చినాయన, ఆయన కాళ్ళు ఆయన కన్నా ముందు లేచాయి. ప్రకటించిన ముక్తేశ్వరరావు గారే అందరికీ దారి చూపిస్తూ బయటికి నడిచారు. మొదటి పాట మొదలయ్యేసరికి హాల్లో కుర్చీలే మిగిలాయి.

పూర్తిగా అని కాదు. జాస్మిన్ వాళ్ళమ్మ ఉంది. కుర్చీలు మడవడానికి వచ్చిన ఇద్దరు మనుషులు మడవకుండా వాటి మీద కూర్చున్నారు. ఐసు పగిలేసరికి అబ్బులు గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. బాషా వాళ్ళ నాన్న కదల్లేదు, చెయ్యి కోటు గుండీ మీద తాళం వేస్తోంది. ఆఖరి పాటలో గేదెల సంగతి వచ్చినప్పుడు సోమయాజులు గారు ఆకు సగం విప్పిన పొట్టిక్క ప్లేటులో పెట్టుకుని లోపలికి వచ్చారు. వరండాలో వినబడిందట. కూర్చోకుండా, తినకుండా చివరిదాకా విన్నారు. తరువాత భుజంగరావు గారి పక్కకు వచ్చి, “మీ ఆవిడ చెప్పింది నిజమేనండీ, వాసన బట్టే” అన్నారు.

బాషా వాళ్ళ నాన్న కొడుకు దగ్గరకు వెళ్ళాడు. “పెళ్ళిళ్ళు లేన్రోజులు ఇక్కడికి రా” అన్నాడు. కోటు గుండీ పెట్టుకుంటూ, “మనం తప్పు వాయించామని ఊరందరికీ చెప్పక్కర్లేదురా” అని కూడా అన్నాడు.

డైరెక్టరు గారు రెండో వడ్డన తరువాత చెయ్యి కడుక్కుని, ఆల్బమ్ చాలా శ్రావ్యంగా ఉందని, స్టూడియో కొనసాగించవలసిందేనని రాసి సంతకం పెట్టారు.

వారం తిరిగేసరికి కొత్త సర్క్యులరు వచ్చింది. వందన సమర్పణను ఇటీవల పాట రూపమున జరుపుచున్నట్లు మండలి దృష్టికి వచ్చినది. పాట నాదము. నాదము కార్యక్రమము. కావున ఇకపై ప్రతి వందన సమర్పణకునూ ప్రత్యేక సభాధ్యక్షులు, ముఖ్య అతిథి, జ్యోతి ప్రజ్వలన ఉండవలెను, చివరగా ఆ వందన సమర్పణకు మరొక వందన సమర్పణ ఉండవలెను.

జాస్మిన్ దాన్ని చదివి తల పట్టుకుంది. భుజంగరావు గారు రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“అంటే టిఫిన్లు రెండుసార్లమ్మా” అన్నారు. “టైము ఇంకా ఎక్కువే దొరుకుతుంది.”

ఆ అమ్మాయి ఆయన ముఖంలోకి చూసి నవ్వింది. పెద్ద పాటొకటి ఉందని, ఇన్నాళ్ళూ అంత సమయం దొరకదని పక్కన పెట్టానని చెప్పింది. తాతారావు ఐసు ఫ్యాక్టరీకి టైమైందని లేచాడు, ముగ్గురూ ఒకే ఆటోలో వెళ్ళారు. డ్రమ్ములు మాత్రం తీసుకెళ్ళలేదు, మళ్ళీ తెచ్చే పని లేకుండా అక్కడే వదిలేశారు.

భుజంగరావు గారు డ్రమ్ముల మీద దుప్పటి కప్పారు. గోడకు జారుతున్న ఒక శాలువాను సర్ది కట్టారు. రేపటి దిబ్బరొట్టెకు మినప్పప్పు నానబోశానా లేదా అని గుర్తు తెచ్చుకున్నారు. పొద్దున్నే పోసి వచ్చారు. ఎర్ర దీపం ఆర్పి, బయటికి వచ్చి, లోపల ఎవరో నిద్రపోతున్నట్టు చప్పుడు కాకుండా, ఆ బరువైన తలుపు మెల్లగా దగ్గరకు వేశారు.